బకెట్ల సైరన్

ఆ వీధిలో ప్రమాద సైరన్ మోగితే ఎవరూ హడలిపోరు. తల దువ్వుకుంటారు.

పక్కనే ఉన్న ఐసు కంపెనీకి రెండు కూతలున్నాయి. షిఫ్టు మారేటప్పుడు ఒకే సాగదీత. రెండోది మాత్రం ఎక్కుతూ దిగుతూ, దెబ్బతిన్న కుక్కలా ఏడుస్తుంది. పేరుకి అది ప్రమాదం కూత. కానీ పాలుతాగే పిల్లలు తప్ప వీధిలో అందరూ దాన్ని బకెట్ల సైరన్ అంటారు. అది మోగిందంటే కంపెనీ గేటు దగ్గర ఏదో ఒకటి పంచుతున్నారన్నమాట. మొదట బకెట్లు పంచారు. తర్వాత స్టీలు డబ్బాలు, ఆ తర్వాత దుప్పట్లు, కిందటిసారి గొడుగులు.

ఈ పుణ్యమంతా కోడలిది. ఆమెకి వీధిలో వేరే పేరు లేదు. అత్తగారు ఆ వీధికి ఓట్లు లేని ప్రెసిడెంటు కాబట్టి, ఆవిడ కోడలు అందరికీ కోడలే. భర్త కంపెనీ లారీ నడుపుతూ నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. కోడలు అదే కంపెనీలో సంక్షేమ అధికారి. అంటే, చుట్టుపక్కల వాళ్లకి కంపెనీ తరఫున ఏదో ఒక మేలు చేయాలి, చేసినట్టు కనపడాలి కూడా. ఆ రెండో సగమే ఆమె కొంప ముంచింది.

కంపెనీ చేసే పని చేపల్నీ కూరగాయల్నీ గడ్డకట్టించి దాచడం. అంత చల్లదనం ఊరికే రాదు. గొట్టాల నిండా అమ్మోనియా తిరుగుతుంటుంది. గొట్టం పగిలితే ఆ ఘాటుకి కళ్లు మండిపోతాయి, కాస్త ఎక్కువైతే ఊపిరితిత్తులు కాలిపోతాయి. అందుకని సైరన్ మోగగానే వీధి వీధంతా పక్కనున్న మెరక ఎక్కి బడి ఆవరణలోకి చేరాలని కంపెనీ ఒక ప్రాక్టీసు పెట్టింది. మొదటిసారి మెరక ఎక్కినవాడు టైలరు ఒక్కడే. అదీ కరెంటు పోయి అతని మిషను ఆగిపోయింది కనక.

మేనేజరు చేత చీవాట్లు తిన్న కోడలు బుర్ర బద్దలు కొట్టుకుని బకెట్టు కనిపెట్టింది. ఫ్రీగా ఇస్తే ఫినాయిలైనా తాగుతారని ఊరికే అన్నారా? రెండోసారికి బడి ఆవరణ కిటకిటలాడిపోయింది. హెడ్డాఫీసు వాళ్లు ఫొటోలు చూసి మురిసిపోయారు గానీ, వెనకాల కంపెనీ బోర్డు కనపడలేదని పెదవి విరిచారు. బోర్డు ఉన్నది గేటు మీద. సరుకు ఉన్నదీ గేటు పక్క గదిలోనే. అందుకని ఆ తర్వాత నుంచి ముందు మెరక ఎక్కండి, పిమ్మట గేటు దగ్గరికి దిగివచ్చి తీసుకోండి అన్నారు.

అప్పుడు అత్తగారు నోరు విప్పింది. "ఆ మెరక ఎక్కి దిగేసరికి నా మోకాళ్లు అరిగిపోతున్నాయే అమ్మాయ్. సరాసరి గేటుకే వస్తే నీ సొమ్మేం పోయింది?"

ముసలి ప్రాణాలు, పోనీలే అనుకుంది కోడలు. పెద్దవాళ్లు సరాసరి గేటుకి వచ్చి ముందు వరసలో నిలబడుతుంటే, మెరక ఎక్కి వెనకబడటానికి మిగతావాళ్లేమన్నా వెర్రివాళ్లా? చూస్తుండగానే మెరక సంగతి అందరూ మర్చిపోయారు. సైరన్ మోగితే గేటు. అంతే. సేఫ్టీ ఇంజనీరు ఒకటి రెండుసార్లు గొణిగాడు గానీ, జనం బాగా వస్తున్నారు కదా అని మేనేజరు అతని నోరు నొక్కేశాడు. తప్పని కోడలికీ తెలుసు. తెలిసి చేసిన తప్పు కాలిలో ముల్లులా రెండ్రోజులు గుచ్చుతుంది, తర్వాత మనిషి నడకలో కలిసిపోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం వాలాక, కోడలు ఆఫీసు గదిలో స్టూలు మీద నిలబడి గొడుగుల పంపకం ఫొటోని గోడకి తగిలిస్తోంది. సైరన్ మోగింది. ఎక్కుతూ, దిగుతూ. 'ఇవాళ మనం ఏమీ పెట్టుకోలేదే' అనుకుంది. అంతలోనే బల్ల మీద ఫోను మోగింది. అవతల సేఫ్టీ ఇంజనీరు. మాస్కులోంచి మాట్లాడుతున్నాడేమో, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది.

"మేడమ్, కంప్రెసర్ గదిలో గొట్టం పగిలింది. పనివాళ్లంతా పక్క ద్వారంలోంచి బయటపడ్డారు. పెద్ద ట్యాంకు వాల్వు బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా మూతపడట్లేదు."

"గాలి ఎటుంది?"

"ప్రస్తుతానికి వెనక బీడు మీదకి పోతోంది. పొద్దు వాలితే సంగతి మీకు తెలుసుగా. ఈలోగా వీధిని ఖాళీ చేయించండి."

తెలియకేం! ఆ వీధిలో బట్టలారేసుకునే ప్రతి ఆడదానికీ తెలుసు. పగలంతా గాలి వీధి మీంచి కంపెనీ వైపు పోతుంది. పొద్దు వాలగానే గిరుక్కున తిరిగి కంపెనీ మీంచి వీధిలోకి వస్తుంది. కోడలు కిటికీలోంచి చూసింది. ఎండ అప్పటికే ఎదుటి గోడల మీద పచ్చబడింది. ఇళ్లలోంచి జనం బయల్దేరారు. ఇస్త్రీ చీరలు, తడి ఆరని తలలు, చేతుల్లో పంపకాల కోసం కంపెనీ ఇచ్చిన కార్డులు. ఒక్కరు కూడా మెరక వైపు తిరగలేదు. అందరూ గేటు వైపే వస్తున్నారు.

కోడలు ఫోను చేత్తో పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటు కొద్దీ వరస కోసం తాళ్లు కడుతున్నాడు. వరసలో అందరికంటే ముందు, ఎప్పట్లాగే, అత్తగారు. చంకలో మనవరాలు. తల్లిని చూడగానే ఆ పిల్ల రెండు చేతులూ చాచి నవ్వింది. గేటు బయట వాసన రవ్వంత కూడా లేదు. గాలి చల్లగా, హాయిగా, వాళ్ల వీపుల మీదుగా కంపెనీలోకి వీస్తోంది.

మైకు లాక్కుని అరిచింది. "లీకయింది! నిజంగానే లీకయింది! గేటు దగ్గర ఎవ్వరూ ఉండొద్దు! మెరక మీదకి పరుగెత్తండి!"

జనం గొల్లున నవ్వారు.

నవ్వరూ మరి? ప్రతిసారీ ఆమె మైకులో చెప్పే మాటలివే. నిజమే అన్నట్టు చెప్పమని ఇంజనీరు అంటే, అందులో ఆమెకి సరదా కూడా పుట్టింది. దుప్పట్లు పంచిననాడు గుండెలు బాదుకుని మరీ అరిచింది, అందరూ చప్పట్లు కొట్టారు. నిజం కోసం దాచుకోవాల్సిన మాటలన్నీ ఉత్తుత్తికి ఖర్చు పెట్టేసింది మహాతల్లి. అసలు అవసరం వచ్చేసరికి చేతిలో ఒక్కటీ మిగల్లేదు.

"ఈసారి కోడలు అదరగొడుతోంది, కళ్లలో నీళ్లు కూడా తెప్పించుకుంది!" అన్నాడు టైలరు, మెడలో టేపుతోనే వచ్చేసి.

"నాటకాలాపు తల్లీ. కిందటిసారి గొడుగులు సగంమందికే వచ్చాయి. ఈసారి తీసుకుంటేగానీ కదిలేది లేదు" అని వెనకనుంచి ఇంకెవరో అరిచారు.

కోడలు మైకు పడేసి టైలరు చొక్కా పట్టుకుంది. "అన్నా, ఇది ప్రాక్టీసు కాదు. నా బిడ్డ మీద ఒట్టు. నువ్వన్నా నమ్ము, వీళ్లని తీసుకుపో."

టైలరు మొహంలో నవ్వు చెదిరింది. బిడ్డ మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. అతను వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు. కానీ ఈలోపు అత్తగారు అందుకుంది.

"ఛీ ఛీ, అవేం మాటలే! దిక్కుమాలిన ఉద్యోగం కోసం పసిదాని మీద ఒట్టేస్తావా? నీ మేనేజరు ఒట్టేయమన్నాడా?"

అంతే, టైలరు మళ్లీ నవ్వేశాడు. అతనితో పాటు వరసంతా నవ్వింది. పీత కష్టాలు పీతవి అన్నట్టు అప్పుడే మేనేజరు ఫోను.

"మైకులో లీకు లీకు అని ఎందుకమ్మా అరుస్తున్నావు? హెడ్డాఫీసు దాకా పోతే ఎవరు జవాబు చెప్పాలి? ప్రాక్టీసనే చెప్పు, మెల్లగా పంపెయ్."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. కోడలు ఫోను పెట్టేసింది. గేటు మీది జెండా వంక చూసింది. ఇందాకటి దాకా రెపరెపలాడిన గుడ్డ ఇప్పుడు నీరసంగా కదులుతోంది. గోడల మీది ఎండ చూరుల దాకా ఎగబాకింది. వీళ్లని కదిలించేది నిజం కాదని ఆమెకి అప్పుడు తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది. ఏడుపు మింగి, మైకు తీసుకుంది.

"సరే, చెప్పేస్తున్నా! ఇవాళ ఇచ్చేది ఇక్కడ కాదు, బళ్లో! మిక్సీలు! ముందొచ్చిన వాళ్లకి ముందు!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత 'మిక్సీ' అన్న మాట ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి పడి వరస చివరిదాకా పోయింది. తాళ్లు తెగాయి. చెప్పులు ఊడితే ఊడనిచ్చి, పిల్లల్ని రెక్కపట్టి ఈడ్చుకుంటూ, అందరూ మెరక మీదకి ఎగబడ్డారు. ఇన్నాళ్లూ మోకాళ్లు మొరాయిస్తున్నాయని మొత్తుకున్న ముసలాళ్లు మేకల్లా ఎక్కారు. గేటు ముందు దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు. ఆ దుమ్ము అణిగాక చూస్తే అత్తగారు అక్కడే నిలబడి ఉంది, చంకలో పిల్లతో.

"అత్తయ్యా, మీరు వెళ్లలేదేం?"

అత్తగారు అటూ ఇటూ చూసి కన్ను గీటింది. "నాతోనా నీ వేషాలు? బకెట్ల రంగు దగ్గర్నుంచి గొడుగు పిడి దాకా నన్నడిగి కొన్నదానివి, మిక్సీలు నాకు చెప్పకుండా కొంటావా? వాళ్లని అటు తోలేసి మనకిక్కడ మంచివి తీసిద్దామనేగా! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదన్నారు."

కోడలు వెళ్లి గేటు పక్క గది తలుపు బార్లా తీసింది. లోపల ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. అత్తగారు తొంగిచూసింది.

"ఎక్కడ దాచావే?"

జెండా ఆగిపోయింది. గుడ్డ కర్రకి అంటుకుపోయి, చచ్చినట్టు వేలాడింది. తర్వాత కొస మెల్లగా లేచింది, ఈసారి వీధి వైపు. కంపెనీ గోడ మీంచి తెల్లటి పొగ సన్నగా కిందికి జారుతోంది. పిల్ల తుమ్మి కళ్లు నులుముకుంది.

కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఒట్టు కూడా పనికిరాని చోట ఇంకేం చెప్తుంది?

"ఏమే, చెయ్యి ఇంత చల్లగా ఉందేమిటి?" అంది అత్తగారు.

"భయమేస్తోంది అత్తయ్యా."

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ మాట ఆమె అత్తగారి ముందు ఎప్పుడూ అనలేదు. పురిటి నెప్పుల్లో అనలేదు, మొగుడి లారీ బోల్తా పడిందని కబురొచ్చిననాడు అనలేదు. అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. చూస్తూనే చంకలోని పిల్లని, ఇంకా గేటు వదలని వాచ్‌మన్ చేతుల్లోకి తోసేసి, "పరుగెత్తు నాయనా, వెనక్కి చూడకు" అంది.

వాచ్‌మన్ పిల్లని భుజాన వేసుకుని మెరక వైపు దౌడు తీశాడు. కోడలు అతని నీళ్ల కుండని అత్తగారి పైట మీద కుమ్మరించి, ఆ తడి కొంగు ఆవిడ ముక్కుకి అదిమింది. తన కొంగూ అలాగే తడిపి కట్టుకుంది. ఇద్దరూ మెరక పట్టారు. వెనకనుంచి ఘాటు సూదుల్లా తరుముకొచ్చింది. కళ్లు తెరవలేక, మూస్తే దారి తెలియక, గోడలు తడుముకుంటూ నడిచారు. మెరక మొదట్లోనే అత్తగారు దగ్గుతూ కూలబడింది.

"నన్నొదిలి నువ్వు పో. దానికి తల్లి కావాలి."

"నోర్మూసుకుని లేవండి!"

కోడలి నోట అలాంటి మాట విన్న అదురుకి అత్తగారు నిజంగానే లేచి నాలుగడుగులు వేసింది. తర్వాత మళ్లీ కాళ్లు మడిచేసింది. కోడలు ఆవిడ చంకల కింద చేతులేసి లాగింది. మనిషి బరువు, ఎక్కుడు దారి, ఛాతీలో మంట. లాగుతోందా, తనే కిందికి జారుతోందా అన్నది కూడా తెలియడం లేదు. అత్తగారిని వదిలితే తను బతుకుతుంది. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పడం అబద్ధం. వచ్చినందుకు ఆవిడ రెక్క ఇంకా గట్టిగా పట్టుకుంది.

అప్పుడు పైనుంచి తిట్లు వినపడ్డాయి. బళ్లో మిక్సీలు లేవని తెలిసి, కోడల్ని కడిగేయడానికి టైలరు దిగి వస్తున్నాడు. "ఏమ్మా, మేమేం పిచ్చోళ్లలా..." అన్నవాడు సగంలో ఆగిపోయాడు. వాళ్ల వెనక గేటు లేదు. తెల్లటి పొగ ఉంది. అత్తగారిని బస్తాలా వీపు మీద వేసుకుని ఎక్కేశాడు.

బడి ఆవరణలో జనం ఎవరికి వాళ్లు కోపంతో రుసరుసలాడుతున్నారు. వీళ్లు ముగ్గురూ వచ్చి పడ్డాక అందరూ గోడ దగ్గరికి చేరి కిందికి చూశారు. పొగ వాళ్ల వీధిలోకి దిగి, గుమ్మాల్లోంచి లోపలికి దూరుతోంది. టైలరు కొట్టు కనపడటం మానేసింది. ఇందాక వాళ్లు వరస కట్టిన చోటు అసలే కనపడలేదు. ఎవరో బిడ్డని గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చారు. మిక్సీ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

చీకటి పడుతుండగా ఇంజనీరు మనుషులు వాల్వు మూయగలిగారు. ఫైరింజను నీళ్లు చిమ్మి పొగని అణిచింది. వీధిలో కోళ్లు చచ్చిపోయాయి, మనుషులెవరూ పోలేదు. చాలామందికి కళ్లు ఎర్రబడ్డాయి. అత్తగారి గొంతు బొంగురుపోయింది. పిల్ల తల్లి ఒళ్లో నిద్రపోయింది.

మేనేజరు చుట్టుదారిలో కారేసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే బడి మైకు అడిగి తీసుకున్నాడు. "ఇన్నాళ్లుగా కంపెనీ ఈ వీధి మీద పెట్టిన ఖర్చు వృథా పోలేదు. మన ప్రాక్టీసే ఇవాళ అందర్నీ కాపాడింది. త్వరలోనే ప్రతి ఇంటికీ ఒక మంచి కానుక అందుతుంది" అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టైలరు ముందుకొచ్చి మైకు పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోనివాడేమో, మరీ నోటికి ఆనించేసుకున్నాడు.

"సార్, ఆ గొట్టం మళ్లీ పగిలితే మాకెవరు చెప్తారు?"

"అదేం ప్రశ్న? మీ కోడలే చెప్తుంది."

"చెప్పింది సార్. బిడ్డ మీద ఒట్టేసి మరీ చెప్పింది. మేం నవ్వాం."

మేనేజరు కోడలి వైపు తిరిగాడు, నువ్వైనా సర్దిచెప్పమన్నట్టు. కోడలు పిల్లని భుజాన వేసుకుని లేచింది.

"ఇక నేనేమీ పంచను సార్. ఆ డబ్బుతో ఈ మెరకకి మెట్లు కట్టించండి, ముసలాళ్లు పట్టుకోడానికి కమ్మీలు పెట్టించండి. సైరన్ మీట ఒకటి వీధిలో పెట్టించండి, వీళ్ల చేతికందేలా. నెలనెలా వీళ్లలో కొందరు లోపలికొచ్చి, ఏ గొట్టం తుప్పు పట్టిందో, ఏ వాల్వు బిగుసుకుందో ఇంజనీరు పక్కన నిలబడి చూస్తారు."

"బయటివాళ్లని లోపలికి రానిస్తామా? హెడ్డాఫీసు ఒప్పుకుంటుందా?"

"గాలి తిరిగాక బయటేమిటి, లోపలేమిటి సార్? ఒప్పుకోకపోతే ఈ వీధి వీధంతా వచ్చి వాళ్లనే అడుగుతుంది. ముందు నేను అడుగుతాను."

ఆ మాటైతే అనేసింది గానీ, జనం వైపు తిరిగేసరికి ఆమెకి భయం పట్టుకుంది. గేటు దగ్గర పడ్డ భయం కంటే ఇది పెద్దది. అక్కడ కనీసం అబద్ధమన్నా చేతిలో ఉంది.

"లోపలికి ఎవరొస్తారు?" అని అడిగింది.

ఇప్పుడే ఆ పొగ మింగి వచ్చారు, మళ్లీ దాని నోట్లోకే పొమ్మంటే ఎవరు పోతారు? టైలరు మెడలో టేపు సర్దుకున్నాడు. కొందరు కాళ్ల వంక చూసుకున్నారు. మేనేజరు పెదవుల మీద చిన్న నవ్వు మొలిచింది.

గోడకి చేరగిలబడ్డ అత్తగారు తలెత్తింది. బొంగురు గొంతుతో, ఆగి ఆగి అడిగింది.

"వస్తే ఏమిస్తారే?"

"ఏమీ ఇవ్వరు అత్తయ్యా."

"కాఫీ అన్నా పోయరా?"

"మంచినీళ్లు కూడా ఇంటినుంచే తెచ్చుకోవాలి."

అత్తగారు ఎర్రబడ్డ కళ్లు కొంగుతో తుడుచుకుంది.

"ఏమీ ఇవ్వకుండా పిలుస్తున్నావంటే ఇది నిజమే అయ్యుంటుంది" అంది. "నా పేరు రాసుకో."